జకియాకు బదులు తుర్ఫా

మా తుర్ఫా అత్త ఎంతమందికి బదులు చచ్చిందో ఆవిడకే గుర్తులేదు. ఇలా అంటే కొత్తవాళ్ళు కంగారుపడతారు కానీ, అమారాలో ఏటి ఒడ్డున ఉన్న మా సుబ్బా వాడలో, అంటే ఏటి మునకలే పూజగా బతికే మా మతంవాళ్ళ వాడలో, ఇది మామూలు మాటే. పెళ్ళికి పెద్ద గిన్నె అరువడిగినట్టు, "పండక్కి తీరికేనా తుర్ఫా? మా అమ్మకి నిలబడాలి" అని అడిగేవాళ్ళు. ఆవిడ కూడా అంతే మామూలుగా, "మీ అమ్మ నాకంటే పొట్టి కదే! ఆవిడ పైజామా వేసుకుంటే ఏట్లోకి దిగకముందే నా పరువు మునుగుతుంది. ఇంకాస్త గుడ్డ తెండి" అనేది.

మాలో మనిషి పోయేముందు ఏటి నీళ్ళతో ఒళ్ళు కడిగి తెల్లబట్టలు తొడగాలి. చొక్కా, పైజామా, నడికట్టు, తలగుడ్డ, అన్నీ తెల్ల నూలువే. ఊపిరి ఉండగానే తొడగాలి, పోయాక తొడిగితే లెక్కలోకి రాదు. ఈ ప్రాణం అనేది ఇక్కడిది కాదు కదా, పైన వెలుగులోకం నుంచి వచ్చి ఈ ఒంట్లో ఇరుక్కున్నది. తిరిగి పోయే దారి పొడుగునా కాపలా చావిళ్ళు ఉంటాయి. ఆకాశంలో తిరిగే గ్రహాలవాళ్ళు వాటిలో కూర్చుని వచ్చేపోయే ప్రాణాల్ని ఆపుతారు. నీ పేరేమిటంటారు, నీ గుర్తేదంటారు. తెల్లబట్ట లేని ప్రాణం మొదటి చావిడి దగ్గరే సిగ్గుతో ముడుచుకుని నిలబడిపోతుంది.

పాముకాటుకో, పడవ మునిగో, బజారులో ఉన్నట్టుండి కుప్పకూలో పోయేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. అలాంటివాళ్ళకి ఏటేటా వసంతంలో, ఐదు రోజుల పర్వనాయా పండగలో, ఒక దారి ఉంది. పైలోకపు తలుపులు తెరిచి ఉండే రోజులవి. పోయినవాళ్ళలాంటి మనిషే ఒకరు బతికున్నవాళ్ళలోంచి రావాలి. ఆడమనిషికి ఆడమనిషి, విధవరాలికి విధవరాలు, దాదాపు అదే ఈడు. ఆ మనిషి పోయినవాళ్ళ బట్టలు కట్టుకుని, ఏట్లో మునిగి, పోయినవాళ్ళ పేరు తన పేరుగా చెప్పాలి. అప్పుడు ఆ బట్టలు అక్కడ చేరతాయి, ఆ ప్రాణం కదులుతుంది.

భర్త పోయాక మా అత్త ఈ పనికి పెట్టింది పేరయింది. ఆరోగ్యంగా ఉండేది. పళ్ళన్నీ ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, కొండల మీద మంచు కరిగి వచ్చే ఆ రోజుల చలినీళ్ళలో నడుం దాకా నిలబడి కూడా వణికేది కాదు. వణికితే పేరు తడబడుతుందని మావాళ్ళ భయం. ఊళ్ళో ఆడవాళ్ళు పండగ ముందు ఆవిడ చుట్టూ చేరి కబుర్లు అప్పజెప్పేవాళ్ళు.

"తుర్ఫా, మా అమ్మకి చెప్పు, కాలి కడియం దొరికిందని. బియ్యం డబ్బాలోనే ఉంది."

"నేను అంత దూరం పోనే తల్లీ, గుమ్మం దాకానే."

"గుమ్మంలో నిలబడే అరువు."

"ఏమని అరవను? ప్రాణం విడుదలై పోతుంటే వెనక నుంచి కడియం అనా?"

ఆవిడకి ఎవరిమీదైనా నిజమైన కోపం ఉందంటే అది ప్తాహీల్ మీద. ఈ లోకాన్ని చేసింది వెలుగులోకాన్నేలే మహాజీవం కాదని మా నమ్మకం. అంత పెద్ద వెలుగు ఇలాంటి పని చేస్తుందా? చేసింది ప్తాహీల్ అని ఒకడు. పైవాళ్ళని సరిగ్గా అడగకుండా, పని నేర్చుకోకుండా, తొందరపడి మొదలెట్టాడు. మా అత్త దృష్టిలో కన్నాలుపడ్డ తెడ్డు, దోమ, పక్కింటి గాడిద, మోకాలి నొప్పి, అన్నీ వాడి పనితనమే. మూత పట్టని గిన్నె చేతికి తగిలితే చాలు, "ప్తాహీల్!" అని పళ్ళు కొరికేది. "మొదటి మనిషిని చేశాడట. చేసి నిలబెట్టలేకపోయాడట. పొయ్యి చూడని పిండిముద్దలా పడున్నాడట ఆ ఆదాము. పైనుంచి ప్రాణాన్ని తెచ్చి లోపల పెడితే గానీ లేవలేదు. మా ఇంటాయన చేసిన పడవ అలా ఉంటే పట్టపగలు బజార్లో నవ్వేవాళ్ళు."

మా పూజారి షేక్ సర్వాన్ గారు ఇది విని గడ్డం నిమురుకునేవారు. "అంత చెడ్డ లోకమైతే అందులో చేపల పులుసు రెండుసార్లు ఎందుకు వడ్డించుకుంటావమ్మా?"

"చేపలు ఏటివి షేకు గారూ. ఏరు పైనుంచి దిగింది. మీరే చెప్పారు."

ఇక జకియా సంగతి. జకియా మా అత్తకి తోటికోడలు, బావగారి భార్య. పడవలు చేసే అన్నదమ్ములిద్దర్నీ పెళ్ళాడి ఒకే వాకిట్లో ఎదురెదురు గదుల్లో కాపురాలు పెట్టారు. మగవాళ్ళిద్దరూ తెల్లబట్టల్లోనే, పద్ధతిగా, ఒకరి వెనక ఒకరు పోయారు. వీళ్ళిద్దరూ మిగిలారు, మధ్యలో మట్టి రొట్టెల పొయ్యి మిగిలింది.

గొడవంతా పొయ్యి దగ్గరే. జకియా రోజూ తెల్లవారకముందే లేచి పొయ్యి వెలిగించేది. మా అత్త లేచి పిండి పట్టుకుని వచ్చేసరికి జకియా రొట్టెలు అయిపోయి, పొయ్యి సగం చల్లారి ఉండేది. మిగిలిన నిప్పుల మీదే గొణుక్కుంటూ తనవి కాల్చుకునేది.

"అక్కా, నిద్ర పట్టదా నీకు?"

"పట్టినవాళ్ళు పడుకోండి."

"ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, నన్ను ముందు కాల్చుకోనిస్తే నీ కిరీటం ఊడిపోతుందా?"

"నాకు కిరీటం ఎక్కడిదే? పొగ పట్టిన తలగుడ్డ తప్ప."

ముప్పై ఏళ్ళు ఇదే పాట. ఒకరోజు మా అత్త పంతం కొద్దీ చుక్కలుండగానే లేచి చూస్తే, జకియా అప్పటికే నిప్పు ఊదుతూ కనబడిందట. "పెద్దకోడలినన్న పొగరు" అని మా అత్త ఊరంతా చెప్పుకుంది. నేను బజారులో వెండిపని చేసుకునేవాణ్ణి, నా కొట్టుకి వచ్చి కూడా చెప్పింది. వెండి మీద పడవబొమ్మ చెక్కుతూ ఊఁ కొట్టాను. సరిగా ఊఁ కొట్టలేదని నన్నూ తిట్టింది.

జకియా పోయింది కూడా ఆ పొయ్యి దగ్గరే. ఎండాకాలం, పొద్దున్నే. చేతికి పిండి ఉంది, పొయ్యిలో రొట్టె ఉంది. "తుర్ఫా" అని ఒక్కసారి పిలిచి గోడకి ఒరిగిపోయింది. మా అత్త బయటికి వచ్చి చూసింది. ఎంతోమందికి బదులు నిలబడ్డ మనిషి, చూడగానే అర్థమైంది. కేకలు పెట్టలేదు. కుండతో ఏటి నీళ్ళు గుమ్మరించింది. తెల్లబట్టలు కావాలి. జకియావి పెట్టెలో ఉన్నాయి, పెట్టె తాళం జకియా నడుముకి ఉంది, ముడి తడిసి బిగిసిపోయింది. మా అత్త గదిలోకి పరుగెత్తి, తన చావుకని దాచుకున్న బట్టలు తెచ్చింది.

ఒక చెయ్యి తొడిగింది. రెండో చెయ్యి పట్టుకునేసరికి జకియా పోయింది.

ఒక చెయ్యి చాలదా అని ఫాలిహ్ అడిగాడు. ఫాలిహ్ అంటే జకియా కొడుకు, మనిషి మంచివాడే గానీ ఎప్పుడూ ఎవరో తనని మోసం చేసినట్టు చూస్తాడు. షేకు గారు తల అడ్డంగా ఊపారు. చాలదు.

మాలో చావుకి ఏడవకూడదు. ఏడిస్తే ఆ కన్నీళ్ళు పోయినవాళ్ళ దారికి అడ్డంగా ఏరై పారతాయి. అందుకని మా అత్త ఏడవలేదు. తిట్టింది. పొయ్యిని తిట్టింది, తాళాన్ని, తాళం చేసినవాణ్ణి, ముడిని తిట్టింది. ప్తాహీల్‌ని కడుపు నిండా తిట్టింది. "తొందర, తొందర! అన్నిట్లోనూ ముందే! పోవడంలో కూడా నేను వచ్చేదాకా ఆగలేదు!" అని జకియాని కూడా తిట్టింది. ఆ తిట్లు విన్నవాళ్ళెవరూ మళ్ళీ ఆ ఇద్దరికీ పడదని అనలేదు. ఆ తర్వాత పండగ దాకా ఆ పొయ్యి వెలగలేదు, మా అత్త బజారు రొట్టెలే తింది.

పర్వనాయా వచ్చింది. జకియాకి బదులు ఎవరు నిలబడాలన్నది ఎవరూ అడగనే లేదు. అదే వాకిలి, అదే విధవరికం, దాదాపు అదే ఈడు. ఫాలిహ్ మాత్రం షేకు గారి దగ్గరికి వెళ్ళి, "పిన్ని అమ్మని బతికున్నన్నాళ్ళూ..." అని నసిగాడు. "నీకు ఇంకో మనిషి దొరికిందా?" అన్నారాయన. దొరకలేదు.

మిగతావాళ్ళ పనులన్నీ అయి జకియా వంతు వచ్చేసరికి పండగ ఆఖరి రోజు వచ్చింది. ఒడ్డున రెల్లుగుడిసె పక్కన తెల్ల పట్టుగుడ్డ జెండా, దానికి జాజికొమ్మలాంటి సన్నాకుల పచ్చకొమ్మ కట్టి ఉంది. షేకు గారు నడుం లోతు నీళ్ళలో నిలబడ్డారు. పూజలో ఆయన నోటికి అడ్డంగా గుడ్డ కట్టుకుంటారు, అందుకని ఆయన ఏ మాటైనా దుప్పటి కింద నుంచి వచ్చినట్టుంటుంది. మా అత్త జకియా పెట్టెలోని బట్టలు కట్టుకుని దిగింది. అవి పొడుగు. నడికట్టు రెండు చుట్లు ఎక్కువ తిప్పుకోవాల్సి వచ్చింది.

మాలో ప్రతివాడికీ రెండు పేర్లుంటాయి. ఊరు పిలిచేది ఒకటి, ఏరు ఎరిగింది ఒకటి. ఈ రెండోది పుట్టిన గడియ చూసి, తల్లి పేరుతో కలిపి పెడతారు. పైదారిలో చెల్లేది అదే. జకియా ఏటిపేరు అన్హర్, హవా కూతురు. మా అత్తది షారత్, సీమత్ కూతురు. మామూలుగా ఈ పేర్లు బయటికి చెప్పం. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే ఈ రెండూ ఏటి దగ్గర ఊరంతా వింది గనక.

షేకు గారు ఆవిడ కుడిచెయ్యి పట్టుకున్నారు. మాలో కుడిచేతులు కలపడమంటే నిజం మీద ఒట్టు. పట్టుకుని, గుడ్డ చాటునుంచి, "ఎవరు నువ్వు?" అన్నారు.

"షారత్, సీమత్ కూతురు" అంది మా అత్త. గట్టిగా, స్పష్టంగా, వణుకు లేకుండా.

షేకు గారు పెద్దవారు. ఏళ్ళ తరబడి ఎవరు ఏ పేరు చెబితే ఆ పేరు మంత్రంలో కలపడం అలవాటు. ఆయన కళ్ళు మూసుకుని, "షారత్, సీమత్ కూతురు..." అని మంత్రం అందుకుని, చివరిదాకా చదివేశారు. ఒడ్డున ఆడవాళ్ళు మోచేతులతో ఒకరినొకరు పొడుచుకున్నారు. ఫాలిహ్ ఒక్కడే అరిచాడు.

"పిన్నీ! నీ పేరు చెప్పుకున్నావ్!"

షేకు గారు కళ్ళు తెరిచారు. మా అత్త చేతిని చూశారు, మొహం చూశారు, మళ్ళీ చెయ్యి చూశారు. నోటి గుడ్డ కిందకి లాగి, పూజలో ఎన్నడూ అనని మాట ఒకటి అన్నారు. అది ఇక్కడ రాయను.

అప్పటికి పొద్దు వాలింది, పండగ అయిపోయింది. ఇక మళ్ళీ వసంతం దాకా తలుపులు తెరుచుకోవు. తప్పు మంత్రం చదివినందుకు షేకు గారు తాను కూడా శుద్ధి కోసం పదేపదే మునగాల్సి వచ్చింది. ఆ చలిలో ఆయన మునిగినప్పుడల్లా మా అత్త వైపు ఒక చూపు చూసేవారు.

ఊరు మాత్రం ఊరుకుంటుందా? "జకియా బట్టల్లో తుర్ఫా పైకి పోయింది" అన్నారు. "బతికుండగానే దారి వేసుకుంది, గడుసుది" అన్నారు. బజారులో చేపలు తూచే ఒకామె, "ఏం తుర్ఫా, పైన ఎలా ఉంది?" అని అడిగింది. "నీకంటే బాగా తూస్తున్నారు" అని చెప్పి వచ్చింది మా అత్త. ఫాలిహ్ వాకిట్లోకి వచ్చి, గుమ్మం దాటకుండా నిలబడి, "మా అమ్మ ఆ చావిడి దగ్గర బట్టల్లేకుండా నిలబడి ఉంది పిన్నీ. ఏడాది నిలబడుతుంది. ఆ బట్టలు నువ్వు తీసుకున్నావ్" అన్నాడు. ఆవిడ లేచి, చల్లారిన పొయ్యి చుట్టూ ఊడవడం మొదలెట్టింది.

ఆవిణ్ణి షేకు గారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.

"ఎందుకమ్మా అలా చేశావ్? ఎంతమంది పేర్లు చెప్పావు, ఎప్పుడూ తడబడలేదే."

"వాళ్ళంతా ఎవరో షేకు గారూ. వాళ్ళ పేరు చెప్పడం వాళ్ళ చొక్కా తొడుక్కోవడం లాంటిదే. జకియా అలా కాదు. ఆవిడ నేను కాదు, నేను ఆవిడ కాదు అని చెప్పుకుంటూనే ముప్పై ఏళ్ళు బతికాను. మీరేమో చెయ్యి పట్టుకుని ఎవరు నువ్వు అన్నారు. నోటికి నిజం వచ్చేసింది." తలగుడ్డ సర్దుకుంది. "చిన్నప్పటి నుంచి మీరు చెప్పేదేమిటి? నువ్వెవరో తెలుసుకో, తెలుసుకుంటే చాలు, అదే విడుదల అని. తీరా ఒక్కసారి చెబితే ఊరంతా అరిచారు."

షేకు గారికి నవ్వు వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకున్నారు. "నువ్వెవరో తెలిసింది సరే. ఆవిడెవరో తెలుసుకో. వచ్చే వసంతం దాకా టైముంది."

"ఎలా తెలుసుకోను? పోయింది కదా!"

"పోయింది. పొయ్యి ఉంది కదా."

ఆయన ఏదో మాటవరసకి అన్నారనుకుంటాను. మా అత్త మాత్రం దాన్ని పనిగా పెట్టుకుంది. మర్నాటి నుంచి జకియా లేచే వేళకి లేవడం మొదలెట్టింది. చీకట్లో తిట్టుకుంటూ నిప్పు వేసేది. జకియాలాగే పిండిలో ఉప్పు తక్కువ వేసి, జకియాలాగే అంచులు పల్చగా చేసి, ఒక్కో రొట్టె పొయ్యి గోడకి కొడుతూ లోపలికి వంగి, ఎవరికీ వినబడకుండా, "అన్హర్, హవా కూతురు" అనేది. పొయ్యి ఒక్కటే వినాలి. పొయ్యి లోంచి వచ్చే గాలికి ఆ పేరు గుసగుసలాగా తిరిగి వచ్చేదట. "నేనేం చెబితే అది తిరిగి చెబుతుంది. మనిషి ఉన్నప్పుడు ఇలా ఎప్పుడూ లేదు" అనేది.

చలికాలం మొదట్లో ఒళ్ళు నొప్పులుగా ఉండి ఒకరోజు పొద్దెక్కాక లేచింది. ఎండ వచ్చాక పొయ్యి వెలిగించింది. వెలిగించిన కాసేపటికి గాలి తిరిగింది. మా ఊళ్ళో పొద్దు పొడిచాక గాలి ఏటి మీద నుంచి వాకిట్లోకి తిరుగుతుంది. పొగంతా ఒక్క పెట్టున మా అత్త గదిలోకి పోయింది. మంచం, పరుపు, దుప్పట్లు, అంతా పొగ. ఆవిడకి చిన్నప్పటి నుంచి ఛాతీ పట్టేది. ఎదురుగా జకియా గదిలో మాత్రం ఏమీ లేదు.

నేను ఆ పూట అటు వెళ్ళాను. మా అత్త పొయ్యి పక్కన నేల మీద కూర్చుని, దగ్గుతూ, తన గుమ్మం వైపు చూస్తూ ఉంది.

"అత్తా, లోపలికి పద, ఒళ్ళు బాగాలేదు."

"సబీహ్" అంది. "తెల్లారకముందు పొగ ఎటు పోతుందో తెలుసా?"

"ఏటివైపు."

"ఏటివైపు" అంది. పొయ్యి మీద చెయ్యి వేసి, "ఒక్క ముక్క చెబితే ఏం పోయేదే నీకు! పొగరుబోతుదానా!" అంది. తిట్టే. కానీ గొంతు వేరు.

ఆ సాయంత్రం కొత్త రొట్టెలు తీసుకుని ఫాలిహ్ ఇంటికి వెళ్ళింది. వాడు తలుపు తీసి నిలబడ్డాడు.

"మీ అమ్మకి నా దగ్గు సంగతి ఎవరు చెప్పారు?" అని అడిగింది.

ఫాలిహ్ ఆలోచించాడు. "నువ్వు కాపురానికి వచ్చిన కొత్తలో రాత్రంతా దగ్గావట. అమ్మ అనేది, ఈ పిల్ల పొగకి చస్తుంది, దాని చావు నా మెడకి చుట్టుకుంటుందని." వాడు కూడా అప్పుడే విన్నట్టుగా ఆగిపోయాడు. "అది తిట్టనుకున్నాను పిన్నీ."

"తిట్టే" అంది మా అత్త. "నాకు తెలుసు. నేనూ అలాగే తిడతాను." రొట్టెలు వాడి చేతిలో పెట్టింది. వాడు ఒకటి అక్కడే తుంచి నోట్లో వేసుకుని నమలడం ఆపేశాడు. "ఉప్పు తక్కువ" అన్నాడు మెల్లగా. "అచ్చం..."

"సగం రొట్టె నాకూ పెట్టు, నిలబడే తింటావేం" అని మా అత్త లోపలికి వెళ్ళి కూర్చుంది.

మళ్ళీ పర్వనాయా వచ్చింది. ఈసారి షేకు గారు జకియా పనిని మొదటి రోజుకే పెట్టుకున్నారు, పొరపాటైతే ఇంకా రోజులుంటాయని. నోటి గుడ్డ కట్టుకునే ముందు, "అమ్మా, పేరు జ్ఞాపకమేనా?" అని ఒకసారి, ఏట్లోకి దిగాక ఇంకోసారి అడిగారు. ఒడ్డున ఊరంతా ఉంది. పోయినసారి రాని మగవాళ్ళు కూడా పని మానుకుని వచ్చారు, దేనికో మీరే ఊహించుకోండి. ఫాలిహ్ అందరికంటే ముందు, నీళ్ళు చెప్పుల్లోకి వస్తున్నా కదలకుండా నిలబడ్డాడు.

అదే పొడుగు బట్టల్లో మా అత్త నడుం లోతుకి దిగింది. మంచునీళ్ళు. ఆ రోజు ఆవిడ వణికింది. ఇన్నేళ్ళలో మొదటిసారి. షేకు గారు కుడిచెయ్యి పట్టుకున్నారు.

"ఎవరు నువ్వు?"

పెదవులు కదిలాయి, ఆగాయి. ఏటి మీద బాతులు అరుస్తున్నాయి. ఒడ్డున ఎవరో "అయ్యో" అన్నారు.

"అన్హర్" అంది మా అత్త. "హవా కూతురు." పొయ్యి లోకి వంగి చెప్పినట్టు, దగ్గరగా, మెల్లగా. షేకు గారు ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, మంత్రం అందుకున్నారు.

అంతా అయి, తెల్ల రొట్టె తిని, ఏటి నీళ్ళు తాగి, మా అత్త ఒడ్డుకి వచ్చేసరికి ఫాలిహ్ దుప్పటి పట్టుకుని ఎదురొచ్చాడు. ఆవిడ భుజాల చుట్టూ కప్పాడు. అడగడానికి సిగ్గుపడ్డాడు, అయినా అడిగాడు.

"వెళ్ళిందా పిన్నీ?"

"వెళ్ళింది."

"ఎలా తెలుసు?"

"ఎలా తెలుసంటావేంరా! ముప్పై ఏళ్ళు చూశాను ఆ నడక." దుప్పటి బిగించుకుని, పళ్ళు టకటకలాడుతుంటే అంది. "బట్టలు తొడుక్కుంది, బయల్దేరింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఇన్నాళ్ళు నిలబెట్టానని కోపం. ఆవిడ బుద్ధే అంత."

షేకు గారు తడిబట్టల్లో మా వెనకే వస్తూ ఇది విన్నారు. "మరి పోయినేడు పంపిన షారత్ సంగతేమిటమ్మా? అది కూడా అక్కడే ఉందా?"

"నా చోటు నేను ముందే వేసుకున్నాను షేకు గారూ. మీరు ఎవరెవరికో చదువుతారు, తప్పో ఒప్పో నాకు మీరే చదివేశారు. నాకేం తొందర లేదు. నేను వెళ్ళేసరికి ఆవిడ లేచి పొయ్యి వెలిగించి ఉంటుంది."

"వెలుగులోకంలో పొయ్యిలుండవమ్మా."

మా అత్త నడక ఆపింది. ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అయితే పొగా ఉండదు" అంది. "మంచిదే. ఒక పొద్దున్న ఆవిణ్ణి పడుకోనిస్తాను."